లివర్ దొరికేదాకా: బావ ఫైలు మోసినోని రివ్యూ

మాది పాలమూరు. జిరాక్సు, డీటీపీ షాపు నాది. ఇరవై రెండేండ్ల సంది ఊరోళ్ల కాయితాలు చూసుడే పని. పాసుబుక్కులు, కులం సర్టిఫికెట్లు, కోర్టు నోటీసులు, ఒకటేమిటి. మా బావకు లివర్ల క్యాన్సరున్నదని తెలిసిన నాడు అక్క పైసల సంచి పట్టుకున్నది, అక్క కొడుకు, అంటే నా అల్లుడు, బావ చెయ్యి పట్టుకున్నడు, నేను ఫైలు పట్టుకున్న. పదకొండు నెలలైంది, ఇంకా దించలేదు. ఇప్పుడది ఒక ఫైలు కాదు, మూడు.

హాస్పిటల్ పేరు అడగకుండ్రి. హైదరాబాద్‌ల లివర్ మార్పిడి చేసే ప్రైవేటు దవాఖాన, అంతే. బాగున్నదీ రాస్తున్న, బాగలేనిదీ రాస్తున్న. రేపు మా బావ కడుపు తెరిచేది వాళ్లే, ఆ సంగతి కూడా నాకు యాదిల ఉన్నది.

బావకు యాభై మూడు. దేవరకద్ర దిక్కు పల్లె. కోయిల్‌సాగర్ నీళ్లొస్తే వరి, రాకుంటే పల్లీ. మందు ముట్టడు. దసరాకు కల్లు ఒక సీసా, అది కూడా మర్యాదకు. అందుకే కాళ్లు వాసి, కడుపు ఉబ్బితే ఎవ్వలకూ లివర్ మీద అనుమానం రాలె. ఎండల పని చేసి నీరు పట్టిందన్నరు. మా దగ్గరి స్కానింగ్ సెంటర్ల "లివర్ గరుకుగున్నది, కుడి దిక్కు గడ్డ లెక్క కనబడుతున్నది, పెద్ద దవాఖానకు పోండ్రి" అని రాసిచ్చిన్రు. ఆ కాయితం మొదటి ఫైలుల మొదటి పేజీ.

మొదటి రోజు ఓపీల మూడు గంటలు కూసున్నం. లివర్ డాక్టరు సార్ మాత్రం లోపల ఇరవై ఐదు నిమిషాలిచ్చిండు. గడియారం చూసి చెప్తున్న. తాగుడు గురించి అడిగిండు, తర్వాత ఇంట్ల ఎవలకన్నా కామెర్లొచ్చినయా అని అడిగిండు, తర్వాత "పల్లీలు పండిస్తానన్నారు కదా, బూజు పట్టినవి తింటారా?" అన్నడు. బావ నవ్విండు. "మంచియి మార్కెట్‌కు పోతయి సార్, ముక్కిపోయినయి ఇంట్లకు. పారేస్తమా?" అన్నడు. అప్పుడు సార్ చెప్పిండు: పల్లీకి, మక్కకు పట్టే ఒక తీరు బూజుల అఫ్లటాక్సిన్ అనే విషం ఉంటది, అది లివర్‌ను చెడగొడ్తది, హెపటైటిస్ బి అనే లివర్ వైరసు ఉన్నోళ్లకైతే రెండూ కలిసి క్యాన్సర్ ముప్పు ఇంకా పెరుగుతది. మాకు ఆ మాట చెప్పేదాకా తెల్వదు. పాలమూరుల పల్లీ పండించే ఇల్లు ఏదైనా చూడుండ్రి, ముక్కిన గింజలు చట్నీలనే పోతయి.

రక్తపరీక్షల హెపటైటిస్ బి బయటపడ్డది. ఇదెక్కడ అంటుకున్నదని అక్క ఏడ్చింది. దాన్ని తప్పుడు దారిల పోయినోళ్ల రోగమనుకున్నది పాపం. తల్లి నుంచి పుట్టినప్పుడే రావచ్చు, ఎన్నో ఏండ్ల కింద ఎవలి సూదో ఎవలి బ్లేడో తగిలి రావచ్చు, ఏండ్ల తరబడి చప్పుడు చెయ్యకుండ ఉంటదని అక్కడి సిస్టరు కూసుండబెట్టి చెప్పింది. అదే రోజు అక్కకు, అల్లునికి, చిన్నదానికి పరీక్ష రాసిన్రు. ముగ్గురికీ లేదు, టీకాలు మొదలు పెట్టిన్రు. బావ అన్నకు మాత్రం ఉన్నదని తేలింది. ఆయనకు ఇప్పుడు ఆరు నెలలకొకసారి స్కానింగు. మేము పోయింది ఒక్క మనిషి కోసం, వాళ్లు ఇల్లంతా చూసిన్రు. దీనికి ఒక స్టారు అక్కడికక్కడే ఇచ్చేసిన.

తర్వాత సీటీ. మందు ఎక్కించి మూడు దశలల్ల ఫొటోలు తీసేది. రిపోర్టుల 3.6 సెంటీమీటర్ల గడ్డ, ఒక్కటే, కుడి భాగంల. లివర్ క్యాన్సర్ల పెరిగే ఏఎఫ్‌పీ అనే రక్తపరీక్ష 212. బావ అన్న వెంటనే లేచిండు, "ముక్క పరీక్ష చెయ్యకుండ క్యాన్సరని ఎట్లంటరు?" అని. న్యాయమైన ప్రశ్నే, నాకూ అదే అనుమానం. సార్ కోపం చెయ్యలేదు. కంప్యూటర్ మా దిక్కు తిప్పిండు. మందు ఎక్కిన మొదటి దశల గడ్డ లైటు వేసినట్టు వెలిగింది, తర్వాతి దశల చుట్టున్న లివర్ కంటే నల్లగైంది. గట్టిపడ్డ లివర్ల ఈ తీరుగ వెలిగి మాసిపోయిందంటే ముక్క తియ్యకుండనే నిర్ధారణ చెయ్యొచ్చు, ముక్క తీసేటప్పుడు సూది దారిల కణాలు పడే ప్రమాదం కొంచెమైనా ఉంటది, మార్పిడికి పోయేటోళ్లకు ఆ ప్రమాదం ఎందుకు అన్నడు. ఫొటో చూపెట్టి చెప్పే డాక్టరు దొరుకుడు అదృష్టం. రిపోర్టు చేతుల పెట్టి పంపేటోళ్లనే నేను ఎక్కువ చూసిన.

మరి గడ్డ కోసి తీసెయ్యొచ్చు గదా? అదీ అడిగినం. లివర్ మొత్తం గట్టిపడి సిరోసిస్ అయ్యింది, ప్లేట్‌లెట్లు 68 వేలు, అన్నవాహికల నరాలు ఉబ్బి ఉన్నయి. కోస్తే మిగిలిన ముక్క పని చెయ్యదు. గడ్డ తీసినా అదే చెడిన నేలల ఇంకో గడ్డ మొలుస్తది. మార్పిడైతే గడ్డ పోతది, గడ్డను పుట్టించిన లివరూ పోతది.

అయితే క్యాన్సర్ ఉన్నోళ్లందరికీ లివర్ మార్చరు. దానికో కొలత ఉన్నది, మిలాన్ కొలత అంటరు. ఇటలీల మిలాన్ ఊర్ల మాజఫెర్రో అనే డాక్టరు, ఆయన తోటోళ్లు 1996ల 48 మంది రోగుల లెక్క చూపెట్టిన్రట. చిన్న గడ్డలున్నోళ్లను ఏరి మార్పిడి చేస్తే నాలుగేండ్ల తర్వాత 75 శాతం మంది బతికున్నరు. అప్పటి సంది అదే గీటు: గడ్డ ఒక్కటే అయితే 5 సెంటీమీటర్లు దాటొద్దు. ఎక్కువుంటే మూడు దాటొద్దు, ఏదీ 3 సెంటీమీటర్లు దాటొద్దు. రక్తనాళంల పాకొద్దు, లివర్ దాటి బయటికి పోవద్దు. తర్వాత దీనికంటే జర వదులు కొలతలు కూడా వచ్చినయి గానీ, మొదలు చూసేది ఇదే. బావది 3.6. నేను షాపుకొచ్చి స్కేలు మీద 3.6 పెట్టి చూసిన, తర్వాత 5 పెట్టి చూసిన. నడుమ ఉన్నది వేలు మందం. మా ఇంటి లెక్కంతా ఆ వేలు మందంల ఉన్నది.

ఇగ లివర్ ఎవలియ్యాలె? బావది ఓ పాజిటివ్, ఓ వాళ్లదే పనికొస్తది. అక్కది బీ. అల్లుడు ఓ, నేను ఓ. నేను ఇస్తనన్న. చట్టం ప్రకారం భార్య, పిల్లలు, తల్లిదండ్రులు, తోడబుట్టినోళ్లు, తాత నానమ్మలు, మనుమలు దగ్గరి బంధువులు. బామ్మర్ది ఆ జాబితాల లేడు, కమిటీ అనుమతి కావాలె అన్నరు. సరే, కాయితాల పనే గదా, నాకు భయమా! అంతదాకా పోనే లేదు. నాకు స్కాన్ చేస్తే నా లివర్ల కొవ్వున్నది, షుగర్ గీటు మీదున్నది. తాగను, తిరగను, ఇరవై రెండేండ్లు కుర్చీల కూసున్న. దాతల మేడం మొహమాటం లేకుండ "మీరు ఇచ్చే సంగతి పక్కన పెట్టండి, ముందు ఎనిమిది కిలోలు తగ్గండి, లేకపోతే పదేళ్ల తర్వాత మీరే ఈ ఓపీలో ఉంటారు" అన్నది. రివ్యూలల్ల ఇది ఎవలూ రాయరు: ఇయ్యనీకె పోయి నా రోగం నేను తెలుసుకొని వచ్చిన. ఐదు కిలోలు తగ్గిన ఇప్పటికి.

అల్లునికి ఇరవై. పరీక్షలన్నీ చేసిన్రు, పనికొస్తడు. వాడు రెడీ. బావ కాదు. "కానిస్టేబుల్‌కు ఉరుకుతున్నడు పోరడు. కడుపు మీద గీత పడితే సెలెక్షన్ల నిలబెడ్తరా? నేను బతికి వాని నౌకరి తింటనా?" అన్నడు. దాత లివర్ కొన్ని వారాలు, నెలలల్ల మళ్ల పెరుగుతదని డాక్టర్లు ఎంత చెప్పినా ఇనలె. ఒక మాటకు మాత్రం ఒప్పుకున్నడు: గడ్డ పెరుగుతున్నదని సీటీల వస్తే అప్పుడు చూద్దమని. ఆ మాట పట్టుకొనే ఉన్నం.

కాబట్టి జీవన్‌దాన్ల పేరు రాయించినం. బ్రెయిన్‌డెడ్ అయినోళ్ల అవయవాలను వరుస ప్రకారం ఇచ్చే సర్కారు పద్ధతి. హాస్పిటలోళ్లే నమోదు చేస్తరు. రిజిస్ట్రేషన్ కాయితం జిరాక్సులు నాలుగు తీసి నాలుగు చోట్ల పెట్టిన, అలవాటు. ఇక్కడ ఇంకో చిక్కు ఉన్నది. లివర్ ఎంత చెడ్డదో చెప్పే మెల్డ్ అనే లెక్క ఉంటది, 6 నుంచి 40 దాకా. కామెర్లు చూపెట్టే బిలిరుబిన్, కిడ్నీ సంగతి చెప్పే క్రియాటినిన్, రక్తం గడ్డకట్టే ఐఎన్ఆర్, వీటిని బట్టి వేస్తరు. అందుల గడ్డ సైజు ఉండదు. బావది 12. లివర్ ఇంకా కొంత పని చేస్తుంది కాబట్టి లెక్క తక్కువ, లోపల గడ్డ మాత్రం ఆగదు. మనిషి బాగున్నడని సంతోషపడాల్నా, వరుసల వెనకున్నడని ఏడ్వాల్నా తెల్వదు.

ఎదురుచూసుడు ఆరు నెలలు దాటేటట్టుంటే గడ్డను ఊరికే వదలరు. నడుమల ఏదో ఒకటి చేసి ఆపుతరు. దీన్ని బ్రిడ్జింగ్ అంటరు, వంతెన అన్నట్టు. "వంతెనకు అవుతలి ఒడ్డు కనబడాలె గదా బామ్మర్దీ" అన్నడు బావ. నా రివ్యూ అసలు ఈ వంతెన గురించే.

మొదలు చేసింది టేస్. పేరు చిన్నగున్నది, పని పెద్దది. క్యాథ్‌ల్యాబ్‌ల తొడ దగ్గర రక్తనాళంలకు సన్న గొట్టం దూర్చి, ఎక్స్‌రే చూసుకుంట లివర్ దాకా తీస్కపోయి, గడ్డకు పోయే కొమ్మలనే మందు వదుల్తరు, తర్వాత ఆ కొమ్మను మూసేస్తరు. మందు డాక్సోరుబిసిన్, ఎర్రగుంటది. దాన్ని లిపియోడాల్ అనే నూనెల కలుపుతరు. ఆ నూనె ఏందో తెలుసా? గసగసాల నూనె, అయోడిన్ పట్టించింది. అక్క ఆ మాట ఇని "మసాలాల ఏస్తం గదా" అన్నది, క్యాథ్‌ల్యాబ్ బయట అందరం నవ్వినం. ఆ పొద్దు నవ్వింది అదొక్కసారే.

నాళం మూసేస్తే మంచి లివర్ చావదా అని నాకు అనుమానం. రేడియాలజీ సార్ బొమ్మ గీసిండు. లివర్‌కు రెండు దిక్కుల నుంచి రక్తమొస్తది. మంచి లివర్‌కు నాలుగింట మూడు వంతులు పేగుల దిక్కు నుంచి వచ్చే పోర్టల్ నాళం నుంచి. గడ్డ మాత్రం ఎక్కువ రక్తం ధమని నుంచే గుంజుకుంటది. బావ మధ్యల అందుకున్నడు: "పంటకు కాలువ నీళ్లు, కలుపుకు బోరు నీళ్లు. బోరు బంద్ చేస్తే కలుపు ఎండుతది, పంట కాలువ మీద బతుకుతది. గంతేనా సార్?" సార్ పెన్ను కింద పెట్టి "నేను రేపటి నుంచి ఇట్లాగే చెప్తా" అన్నడు. పోర్టల్ నాళంల క్లాటు ఉన్నోళ్లకు ఈ పని మామూలుగ ఎందుకు చెయ్యరో కూడా అప్పుడే సమజైంది. కాలువే బందున్నప్పుడు బోరు మూస్తరా?

ఇంకో మంచి మాట చెప్పాలె. టేస్‌కు డేటిచ్చిన నాడు పొద్దున బిలిరుబిన్ 2.8 వచ్చింది. మేము రూం కట్టినం, ఆకలితోని ఉన్నం, బావ గౌను కూడా తొడిగిండు. సార్ వచ్చి "ఇవాళ వద్దు" అని పంపేసిండు. లివర్ అలసిపోయి ఉన్నప్పుడు టేస్ చేస్తే మొత్తానికే కూలొచ్చట. ఆ పొద్దు మస్తు కోపమొచ్చింది నాకు. పది రోజులకు 1.6కు దిగినంకనే చేసిన్రు. చేతిల కేసున్నా ఆగే డాక్టరుకు ఎన్ని స్టార్లిచ్చినా తక్కువ.

పని గంటన్నర. తర్వాత ఆరు గంటలు కాలు కదపకుండ పండుకోవాలె. కుడి పక్క, భుజం నొప్పి, వాంతులు, మూడు రోజులు 101 జరం. ఇది వస్తదని ముందే చెప్పిన్రు, చచ్చిన గడ్డ వల్ల వచ్చే జరమట. చెప్పిన్రు గానీ కాయితం మీద రాసియ్యలేదు! ఇదే నా మొదటి ఫిర్యాదు. ఇంటికొచ్చినంక మూడో రాత్రి జరమెక్కితే పల్లెల ఆర్‌ఎంపీ నొప్పుల సూది తీసిండు. అల్లుడు నాకు ఫోన్ చేసిండు కాబట్టి ఆగింది. సిరోసిస్ ఉన్నోళ్లకు డైక్లోఫెనాక్ అసొంటి నొప్పి మందులు కిడ్నీని దెబ్బ తీస్తయి, వాడొద్దు. పారాసిటమాల్ కూడా డాక్టరు చెప్పిన కొలతకు దాటొద్దు. ఇంత ముఖ్యమైన మాట డిశ్చార్జి కాయితంల ఉండాల్నా వద్దా? ఆరు పేజీలున్నయి, అందుల రెండు బీమా షరతులు. టోనర్ అయిపోయిన ప్రింటు, సగం అక్షరాలు దయ్యాల లెక్కున్నయి. నా షాపులైతే రూపాయి తీసుకోకుండ మళ్ల కొట్టిస్త. నేనే తెలుగుల అర పేజీ టైపు చేసి, లామినేషన్ చేసి బావ మంచం మీద గోడకు కొట్టిన: ఈ సూది వద్దు, ఈ గోళి వద్దు, పసరు మందు వద్దు, నల్లగ విరేచనమైతే ఆగొద్దు, తిక్కతిక్క మాట్లాడితే ఆగొద్దు, ఈ నంబరుకు ఫోన్ చెయ్యుండ్రి. పసరు సంగతి ఎందుకంటే, బావ మేనత్త కామెర్ల పసరు తెచ్చి ఇంట్ల పెట్టింది. మంచి మనసుతోనే తెచ్చింది. దాన్ని తులసి చెట్టు మొదట్ల పోసినం.

టేస్ బిల్లు: ప్యాకేజీ లక్షా ముప్పై అన్నరు, చేతికొచ్చింది లక్షా యాభై ఎనిమిది. తేడా ఏందంటే గొట్టం ఇంకో సైజుది వాడినమన్నరు. వాడి ఉంటరు, నేను కాదనను. ముందుగల్ల ఒక్క మాట చెప్తే ఏం పోతది? మేము పోయిన చోట ఈ పనికి ఆరోగ్యశ్రీ నడవదన్నరు. రాష్ట్రంల ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌ల 10 లక్షలకు పెంచిన్రు, ఉస్మానియాల సర్కారు తరఫున లివర్ మార్పిడులు చేస్తరు. పైసలు లేనోళ్లు ప్రైవేటు గడప తొక్కకముందే అక్కడ అడుగుండ్రి. బావ ఎకరం అమ్మినంక నాకీ తెలివొచ్చింది.

నెలన్నరకు మళ్ల సీటీ. గడ్డల నూనె తెల్లగ పట్టుకొని ఉన్నది, చాలా భాగం చచ్చింది. ఒక అంచుకు 1.1 సెంటీమీటరు ముక్క మాత్రం ఇంకా వెలుగుతున్నది. దానికి మైక్రోవేవ్. సీటీ చూసుకుంట పొట్ట మీద నుంచి సూది దించి, కొసకు వేడి పుట్టించి కాల్చుడు. 60 డిగ్రీలు దాటితే కణం బతకదట. గడ్డ చిన్నగున్నప్పుడు ఇది బాగ పని చేస్తది. తెల్లారి ఇంటికి పంపిన్రు. దీని గురించి ఇంతకంటే రాసేదేం లేదు, సాఫుగ అయ్యింది. ఏఎఫ్‌పీ 31కి, తర్వాత 9కి వచ్చింది. పక్క బెడ్డు సూర్యాపేట పెద్దమనిషిది 6 సెంటీమీటర్లు దాటిన గడ్డ, మిలాన్ బయట. ఆయనకు రెండు టేసులు చేసి కొలత లోపలికి తెచ్చినంక వరుసల పెట్టిన్రు. అట్ల కూడా చేస్తరని మాకు అప్పుడే తెలిసింది.

ఇప్పుడు అసలు తిట్టుకొస్త. ఈ రోగంల టేస్, సూది సగం పని. మిగిలిన సగం క్యాలెండర్. మూడు నెలలకోసారి సీటీ తీసి, గడ్డ గీటు లోపలున్నదో లేదో చూడాలె. దాటితే వరుసల నుంచి పేరు పోవచ్చు. ఆ తారీఖును దవాఖానోళ్లు యాదిల పెట్టుకోవాలె. మొదట మా కోఆర్డినేటర్ మేడం వారం ముందు ఫోన్ చేసేది, క్రియాటినిన్ పరీక్ష మహబూబ్‌నగర్లనే చేయించి రిపోర్టు పంపమనేది, పొద్దుగాల బస్సు పట్టుకొని రాండ్రి అనేది. బంగారం అసొంటి మనిషి. తర్వాత ఆమె ఆ ఉద్యోగం మానింది. కొత్తామె వచ్చింది. ఫోన్ రాలె. వారమైంది, రెండు వారాలైంది. బావ "బాగున్నప్పుడు ఎందుకు పిలుస్తరు" అన్నడు. నా షాపు రిజిస్టర్ల తారీఖు రాసుకున్న కాబట్టి నేనే ఫోన్ చేసిన. "మీ పేరు మా ఫాలోఅప్ షీటులో లేదండీ" అన్నది అవుతలి నుంచి. షీటు మార్చినప్పుడు ఆరు పేర్లు జారిపోయినయట.

ఆరు పేర్లు. రేషన్‌కార్డుల పేరు జారితే బియ్యం పోతయి. ఇక్కడ?

మూడు వారాలు ఆలస్యంగ తీసిన సీటీల కొత్తగ ఏం లేదు, దేవుని దయ. నేను ఊకోలే. చీఫ్ డాక్టరు గది ముందు రెండు గంటలు కూసోని, లోపలికి పోయి, రిజిస్టర్ పేజీ జిరాక్సు టేబుల్ మీద పెట్టిన. లొల్లి చెయ్యలేదు. ఆయన చదివిండు, సారీ అన్నడు, నా ముందటే కొత్తామెను పిలిచి మిగిలిన ఐదుగురికి ఆ పొద్దే ఫోన్లు చేయించిండు. అందుల ఒకాయనది నాగర్‌కర్నూల్. ఆయన కొడుకు తర్వాత నా షాపుకొచ్చి చాయ్ తాగిపోయిండు. సరిదిద్దుకున్నరు కాబట్టి సగం స్టారు వాపస్ ఇస్తున్న, మొత్తం కాదు.

మీకు చెప్పేది ఒకటే. ఆపరేషన్ ఎన్ని చేసిన్రు అని గోడ మీద రాసుకున్న అంకె చూడకుండ్రి. వరుసల ఉన్నోళ్లకు ఫోన్ చేసే మనిషి ఎవలు, ఆమె సెలవు పెడితే ఎవలు చేస్తరు, అది అడుగుండ్రి.

పోయిన నెల రాత్రి తొమ్మిది నలభైకి ఆ ఫోన్ వచ్చింది. "ఒక డోనర్ ఉన్నారు. మీది రెండో పేరు. ఏమీ తినకుండా, నీళ్లు కూడా తాగకుండా బయల్దేరండి." బావ అప్పుడే జొన్నరొట్టె తుంచి నోట్ల పెట్టుకోబోతున్నడట, అక్క చెయ్యి పట్టుకొని ఆపింది. నేను కారు మాట్లాడి దేవరకద్ర పోయి ఎక్కించుకొని జడ్చర్ల దాటేసరికి పదకొండు దాటింది. రాయికల్ టోల్ దగ్గర ఫాస్టాగ్ల పైసల్లేవు. డ్రైవరు పిల్లగాడు వంద మంది దేవుళ్లను తిట్టిండు. ఒంటిగంటకు అక్కడున్నం. రక్తం తీసిన్రు, ఛాతీ ఎక్స్‌రే తీసిన్రు, పొట్ట గొరిగిన్రు. సంతకాలు పద్నాలుగు. అక్కకు చదువు రాదు, ఒక్కోటి చదివి చెప్పి వేలిముద్ర పెట్టిచ్చిన. అల్లుడు గోడకు ఒరిగి నిలబడ్డడు, వాని ముఖంల ఏమున్నదో నేను చూడలె.

నాలుగున్నరకు సర్జన్ వచ్చిండు. మొదటి పేరు మనిషి ఆపరేషన్‌కు తగ్గట్టే ఉన్నడు, లివర్ ఆయనకే పోయింది. రెండో పేరంటే ఇదే పని, మొదటాయనకు జరమో మరేదో ఉంటేనే మాది. ఆ సంగతి సర్జన్ నిలబడి, బావ భుజం మీద చెయ్యేసి, తానే చెప్పిండు. వేరేటోళ్లతోని చెప్పియ్యలేదు. అది నాకు నచ్చింది. నచ్చనిది కింద కౌంటర్ల: ఆ రాత్రి పరీక్షలకు 11,400 కట్టమన్నరు. రెండో పేరుగ పిలిస్తే, లివర్ రాకున్నా ఈ పైసలు మనవేనని ముందుగల్ల ఎవ్వలూ చెప్పలే. తెల్లారగట్ల ఐదింటికి కార్డు గీకుకుంట నిలబడ్డ.

ఆరాంఘర్ దగ్గర ఇడ్లీ బండి కాడ ఆగినం. బావ ఎనిమిది ఇడ్లీలు తిన్నడు. షాద్‌నగర్ దాటినంక "ఇచ్చినోళ్లు ఏ ఊరోళ్లో" అన్నడు. అది చెప్పరు బావా అన్న. ఇంక మాట్లాడలె.

డైట్ గురించి కూడా రాయాలె. డైట్ మేడం ఇచ్చిన చార్టుల ఓట్స్, బ్రకోలీ, క్వినోవా. దేవరకద్ర సంతల బ్రకోలీ ఎక్కడ దొరుకుతది తల్లీ? నేను వాపసు తీస్కపోయి మా తిండి చెప్పి రాయించిన: జొన్నరొట్టె, జొన్న గట్క, పెసరపప్పు, గుడ్లు, పెరుగు. బూజు లేని పల్లీలు గుప్పెడు. ఉప్పు తక్కువ, ఊరగాయ బంద్, అప్పడం బంద్. రాత్రి పండుకునే ముందు ఏదన్నా తినాలె, పొద్దుందాక ఖాళీ కడుపు ఉంటే కండ కరుగుతదట. పప్పు, గుడ్డు బంద్ చెయ్యమని ఊర్ల చెప్పేటోళ్లు మస్తుగున్నరు. మాకు డాక్టరు చెప్పింది దానికి ఉల్టా, కిలో బరువుకు 1.2 గ్రాముల ప్రోటీన్ తగ్గొద్దని. మామిడికాయ తొక్కు లేక బావ సగం చిక్కిండు. అది వేరే సంగతి.

రాకపోకల మీద ఒక మాట. అక్కకు ఆర్టీసీల మహాలక్ష్మి టికెట్టు సున్నా, బావకూ నాకూ పూర్తి చార్జి. "రోగం నాది, ఫ్రీ నీకా" అని బావ ప్రతిసారి అంటడు, కండక్టరమ్మ ప్రతిసారి నవ్వుతది.

స్టార్లు అడిగితే: లివర్ డాక్టరుకు, రేడియాలజీ సార్‌కు ఐదుకు ఐదు. పాత కోఆర్డినేటర్ మేడంకు ఆరు ఇద్దునుంటి. క్యాలెండర్ పనికి రెండున్నర. బిల్లింగుకు ఒకటి, అది కూడా అక్కడ ఏసీ ఉన్నందుకు. ప్రింటుకు సున్నా. మొత్తం మీద నాలుగు.

బావ ఇప్పుడు పొద్దున చేన్ల నడుస్తున్నడు, బరువు ఎత్తనిస్తలేం. హెపటైటిస్ బిని అణిచే టెనోఫోవిర్ గోళి రోజూ తొమ్మిదింటికి, మర్చిపోకుండ అక్క గోడకు గంట పెట్టింది. అల్లుడు ఉరుకుడు ఆపలె, పరీక్ష కాయితాలు కూడా పారేయలె. వచ్చే పదకొండో తారీఖు సీటీ ఉన్నది. కొత్తామె పొద్దున్నే ఫోన్ చేసింది, తొమ్మిది రోజుల ముందే. రిజిస్టర్ల టిక్ పెట్టిన. రిపోర్టు వచ్చినంక దీని కిందనే రాస్త.